ఇర్మా వాటా

ఎలసోనా ఊళ్ళో ఎవరైనా కన్నుమూస్తే ముందు చర్చి గంట మోగుతుంది, తర్వాత ఎవాంథియా ఇంట్లో ఫోను మోగుతుంది. పోయినవాళ్ళ పేరున పంచే గోధుమలు ఆమె చేతి మీదుగా వెళ్ళాల్సిందే. గింజ పగలకూడదు, ముద్ద కాకూడదు. ఉడికాక తెల్లని బట్ట మీద రాత్రంతా ఆరాలి. అందులో అక్రోట్లు, బాదం, దానిమ్మ గింజలు, దాల్చినచెక్క పొడి, గుప్పిళ్ళకొద్దీ ఎండుద్రాక్ష కలిపి, పైన వేయించిన పిండి, ఆ పైన మెత్తటి చక్కెర పరిచి మైనపు కాగితంతో నునుపు చేస్తుంది. దాని మీద వెండిరంగు చక్కెర గుళికలతో శిలువ, పక్కన పోయినవాళ్ళ పేరులో మొదటి అక్షరం. దీన్నే కొలీవా అంటారు. చర్చి గురువు దీవించాక చిన్న చిన్న కాగితపు సంచుల్లో పోసి పంచుతారు. తీసుకున్నవాళ్ళు ఒక చెంచా నోట్లో వేసుకుని "దేవుడు అతన్ని మన్నించుగాక" అనాలి. ఆ మాట ఎంతమంది నోట వస్తే పోయిన ప్రాణానికి అంత తేలిక అని అక్కడివాళ్ళ నమ్మకం.

ఎవాంథియాకి ఈ పని అత్తగారి దగ్గర నుంచి వచ్చింది, ఆవిడ కోపం కూడా కలిపే వచ్చింది. ఎండుద్రాక్ష దగ్గర లెక్క చూసే ఇంటికి ఆమె రెండోసారి చేసేది కాదు. "బతికున్నప్పుడు ఎలాగూ పెట్టలేదు, ఇప్పుడైనా పెట్టండి" అని మొహం మీదే అనేసేది. ఊరంతా ఆమెకు జడిసేది, ఆమె గోధుమల కోసం ఆమెను భరించేది.

ఆమె భర్త ఆర్గిరిస్ ఇందుకు పూర్తిగా వేరు. జున్ను తయారుచేసే కర్మాగారానికి పల్లెల నుంచి పాలు తెచ్చే ట్యాంకరు నడిపేవాడు. నోట్లోంచి మాట రాలితే ముత్యం పోతుందన్నట్టు ఉండేవాడు. ఆ కాసిని మాటలు కూడా ఇర్మాతోనే. ఇర్మా వాళ్ళ బీగిల్ కుక్క. కుందేళ్ళ వేటకని కూనగా తెచ్చుకున్నాడు. తెల్లటి కాళ్ళు, వీపు మీద నల్లటి దుప్పటి కప్పుకున్నట్టు మచ్చ, మొహానికి అటూ ఇటూ వేలాడే గోధుమరంగు చెవులు. ఆదివారాలు ఇద్దరూ కొండెక్కేవాళ్ళు, కుందేలు దొరికినా దొరక్కపోయినా మొహాలు వెలిగిపోతూ దిగివచ్చేవాళ్ళు.

"నాకు ఇంట్లో సవతి ఉంది. దానికి నాలుగు కాళ్ళు" అని ఎవాంథియా చర్చి మెట్ల మీద అనేది. విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె మాత్రం పూర్తిగా నవ్వులాటకు అనేది కాదు.

ఆ కుక్కకు ఆయన చేసే సేవలు చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండేది మరి. ప్రతి శనివారం సాయంత్రం పెరటి మెట్ల మీద తువ్వాలు పరిచి కూర్చునేవాడు. ఇర్మా తలను ఒళ్ళో పెట్టుకుని, చెవి ఎత్తి, లోపల వాసన చూసేవాడు. అవును, వాసనే చూసేవాడు. పుల్లటి వాసన వస్తే చెవి పాడవుతోందని గుర్తు. డాక్టరిచ్చిన మందునీళ్ళు పోసి, చెవి మొదలు దగ్గర వేళ్ళతో పిసికి, అది తల విదిలించాక బయటికి వచ్చిన మురికిని దూదితో తుడిచేవాడు. పుల్ల ఎప్పుడూ లోపలికి పెట్టేవాడు కాదు. రెండో ఏట గడ్డివెన్ను ఒకటి చెవిలో దూరి చీము పట్టి, అది పడ్డ బాధ ఆయన మర్చిపోలేదు. వేలాడే చెవులున్న కుక్కకు గాలి ఆడదు, తడి ఆరదు, మనమే ఆరబెట్టాలి అనేవాడు. ఎండాకాలం రాగానే మెడకు దోమల మందు పట్టీ కట్టేవాడు. ట్యాంకరు మీంచి దూకనిచ్చేవాడు కాదు, నడుం పోతుందని ఎత్తి దింపేవాడు.

ఇక తిండి సంగతి. బీగిల్‌కు కడుపు నిండటమంటూ ఉండదు. పెట్టినంతా తింటుంది, పెట్టంది వెతుక్కుని తింటుంది, ఆ పైన మూడు రోజులుగా పస్తున్నట్టు మొహం పెడుతుంది. ఆ మొహం చూసి వీధంతా జున్ను తొక్కలు, రొట్టె ముక్కలు విసిరేది. ఆర్గిరిస్ ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి, జీవితంలో ఎన్నడూ ఆడనన్ని మాటలు ఆడి, వాళ్ళందరి చేతా మాన్పించాడు. దాని పూట తిండి కాఫీ కప్పుతో కొలిచి పోసేవాడు. "నా బరువు ఎప్పుడైనా అడిగావా?" అని ఎవాంథియా ఒకసారి అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి "నీ బరువు బాగానే ఉంది" అన్నాడు. ఆ జవాబు మీద ఆమె వారం రోజులు మాట్లాడలేదు. మాట్లాడలేదని ఆయనకు తెలిసిందో లేదో.

తర్వాత ఆయనకు ఊపిరితిత్తిలో గడ్డ బయటపడింది. శీతాకాలం మొదట్లో తెలిసింది, వసంతం చూడకుండానే మంచం పట్టాడు. ఆ మంచం మీద కూడా శనివారం శనివారం ఇర్మాను పక్కన కూర్చోబెట్టించి, ఎవాంథియా చేత చెవులు కడిగించాడు. "అంత లోపలికి కాదు. మెల్లగా. అది తల విదిలించేదాకా ఆగు" అని చెప్పేవాడు. ఆమె పళ్ళు బిగపట్టి చేసేది. ఆఖరి రోజు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పెదవులు కదిలాయి. ఆమె వంగి చెవి పెట్టింది.

"శనివారం... చెవులు... మర్చిపోకు."

"సరే" అంది ఆమె. ఇంకో మాట వస్తుందని చాలాసేపు అలాగే వంగి ఉంది. రాలేదు.

ముప్పై ఏళ్ళ పైచిలుకు కాపురం, ఆఖరి మాట కుక్క చెవుల గురించి. ఆమె ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఏమన్నాడని ఆడపడుచు పొలిక్సేనీ అడిగితే "ప్రార్థన చేసుకున్నాడు" అని అబద్ధం చెప్పింది. గుండెలో మాత్రం అది ముల్లై కూర్చుంది.

ఇర్మా తలుపు దగ్గర ఆయన బూట్ల మీద గడ్డం ఆనించి పడుకునేది. తిండి కోసం ప్రాణం పెట్టే కుక్క, గిన్నెలో సగం వదిలేసేది. ఎముకలు తేలాయి. ఎవాంథియా తిట్టేది, బతిమాలేది, మళ్ళీ తిట్టేది. శనివారాలు మాత్రం తప్పలేదు. మాటంటే మాటే కదా అని మొండిగా చెవులు కడిగేది.

ఆయన పోయిన నలభయ్యో రోజు వచ్చింది. ఇన్నేళ్ళలో ఊరందరికీ చేసిన కొలీవా ఆ రోజు తన మొగుడికి చేసింది. అలాంటి కొలీవా ఆ ఊరు చూడలేదని అందరూ అన్నారు. ఎండుద్రాక్ష మామూలుకు రెండింతలు వేసింది. చర్చిలో జనమంతా చెంచాలు నోట్లో పెట్టుకుని "దేవుడు అతన్ని మన్నించుగాక" అంటుంటే, ఆమె కూడా ఒక చెంచా వేసుకుంది. గోధుమ నమిలింది, మింగింది. మాట మాత్రం పైకి రాలేదు. ఎవరూ గమనించలేదు.

ఇంటికొచ్చి చూస్తే ఇర్మా అలాగే బూట్ల మీద పడుకుని ఉంది. పళ్ళెంలో మిగిలిన కొలీవా చూసి ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. ఆయన్ని ప్రేమించిన ప్రతి ప్రాణికీ ఇందులో వాటా ఉంది. తన నోట మాట రాలేదు. దీనికన్నా ఎవరు ఎక్కువ ప్రేమించారు? ఒక గిన్నెడు తీసి దాని ముందు పెట్టింది. ఇర్మా వాసన చూసింది, లేచి నిలబడింది, గిన్నె ఖాళీ చేసి అడుగు దాకా నాకేసింది. ఎవాంథియాకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఇంకో గిన్నెడు పెట్టింది. అదీ తినేసింది. ఆయన ఆత్మ శాంతించిందని, ఇక కుక్క కోలుకుంటుందని ఆమె నమ్మింది. ఆ రాత్రి బాగా నిద్రపోయింది.

తెల్లారేసరికి ఇర్మా వంటింట్లో వాంతి చేసుకుని ఉంది. అందులో గోధుమ గింజలు కనిపించాయి. దీవించిన గింజలు మురుగులో పడకూడదు కాబట్టి ఎత్తి గులాబీ మొక్క మొదట్లో పాతిపెట్టింది. తర్వాత ఇర్మా పసుపు నీళ్ళు కక్కింది. ఆ తర్వాత లేవడం మానేసింది. ఎవాంథియా పొలిక్సేనీకి ఫోను చేసింది.

పొలిక్సేనీ తన బుల్లి కారు తెచ్చింది. ఆవిడ ఆర్గిరిస్‌కు అక్క. తమ్ముడు ఆడని మాటలన్నీ ఆవిడే ఆడేది. ఇద్దరూ ఇర్మాను దుప్పట్లో చుట్టి పశువుల డాక్టరు ఫోతిస్ దగ్గరికి తీసుకెళ్ళారు. కూనగా ఉన్నప్పుడు ఇర్మా కంటి మూలన చెర్రీ పండులా ఎర్రగా ఉబ్బి బయటికొచ్చిన కండను సరిచేసి కుట్టింది అతనే. అతను చిగుళ్ళు చూశాడు, పొట్ట నొక్కాడు, రక్తం తీశాడు.

"ఏం తిన్నది పిన్నీ?"

"ఏమీ తినలేదు నాయనా. ఆయన పోయిన దగ్గర్నుంచీ దానికి తిండి ఎక్కడ సయిస్తోంది?"

"చాక్లెట్టు? ఉల్లిపాయ? ఎలకల మందు?"

"నా ఇంట్లో ఎలకలా!"

"దీని ఇంట్లోకి చీమ రావాలన్నా కాళ్ళు తుడుచుకోవాలి" అంది పొలిక్సేనీ. "ఆ పక్కింటి మేకలవాడి పనే ఇది ఫోతిస్. కుక్క అరుస్తోందని ఎన్నిసార్లు తగువుకొచ్చాడూ! మాంసంలో విషం పెట్టి విసిరుంటాడు."

ఎవాంథియా మొహం ఎర్రబడింది. "వాడే అయితే వాడి గడపలోకెళ్ళి శపిస్తాను. వాడు చస్తే గింజ కూడా ఉడకెయ్యను."

రక్తం ఫలితం వచ్చింది. ఫోతిస్ కాగితం వంక చూసి కుర్చీలో కూర్చున్నాడు. "మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి పిన్నీ. లోపలికి ఏదో పోయింది. అదేంటో తెలిస్తే బాగుండును. బాగా గుర్తు చేసుకో. నిన్న పొద్దుట్నుంచీ దాని నోట్లోకి ఏం పోయింది?"

"పొద్దున దాని కప్పులో సగం తిన్నది. అంతే, ఒట్టు."

ఆమె అబద్ధమాడలేదు. ఆమె లెక్కలో కొలీవా తిండి కాదు. చర్చిలో తీసుకున్న రొట్టె ముక్కను ఆ ఊళ్ళో ఎవరూ తిండి కింద జమ కట్టరు.

ఇర్మా ముందుకాలికి సూది గుచ్చి సెలైన్ పెట్టాక ఫోతిస్ చేతులు కడుక్కుని వచ్చాడు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. బల్ల మీద వాళ్ళమ్మ నిన్న తెచ్చి పెట్టిన కాగితపు సంచి ఉంది, దాని మీద శిలువ, ఆర్గిరిస్ పేరు. "దీన్ని కూడా ఇప్పటిదాకా ముట్టలేదు, తప్పు" అంటూ అరచేతిలో పోసుకుని, శిలువ గుర్తు వేసుకుని, "దేవుడు ఆర్గిరిస్ బాబాయిని మన్నించుగాక" అని చెయ్యి నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు. రెండు వేళ్ళతో ఎండుద్రాక్ష ఒకటి పైకి తీశాడు.

"పిన్నీ. ఇర్మాకి ఇది పెట్టావా?"



"పెట్టాను" అంది ఎవాంథియా. "అదేం తిండి కాదు కదా నాయనా. దాని వాటా. దీవించిన గింజలు."

"ఎంత పెట్టావు?"

"గిన్నెడు. తిన్నదని... సంతోషంకొద్దీ ఇంకో గిన్నెడు."

"కుక్కకి కొలీవా పెట్టావా!" అంది పొలిక్సేనీ. "ఊరందరికీ ఆచారాలు నేర్పే మనిషివి!"

"ఆగు అత్తా" అన్నాడు ఫోతిస్. "పిన్నీ, ఎండుద్రాక్ష కుక్కలకి పడదు. పచ్చి ద్రాక్షా అంతే. కొన్ని కుక్కలకి ఏమీ కాదు, కొన్నిటికి గుప్పెడు చాలు, మూత్రపిండాలు ఆగిపోతాయి. తిన్న వెంటనే తెచ్చుంటే కక్కించేవాణ్ణి. ఇప్పుడు నీళ్ళెక్కిస్తూ చూడ్డమే. మూత్రం పోసిందంటే గండం గడిచినట్టు. పొయ్యకపోతే నా చేతుల్లో ఏమీ లేదు."

ఎవాంథియా ఇర్మా పడుకున్న బోను పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. పొలిక్సేనీ ఇంటికి వెళ్దామంటే కదల్లేదు. మేకలవాణ్ణి తిట్టిన నోటితో తన్ను తాను తిట్టుకుంది. ఏ చేతులను ఊరంతా మెచ్చుకుందో ఆ చేతులతోనే విషం కలిపి, శిలువ గీసి, గిన్నెలో పోసి మరీ పెట్టింది. సవతీ సవతీ అని నోరారా అన్న మాట ఇవాళ ఆమెను కాల్చేసింది.

"తెలియక చేశావులేవే" అంది పొలిక్సేనీ కాసేపటికి. ఆవిడ నోట అంత మెత్తటి మాట రావడం అరుదు.

"నాకేం మిగిల్చాడు వదినా ఆయన?" అంది ఎవాంథియా ఉన్నట్టుండి. "ప్రార్థన చేసుకున్నాడని నీతో అబద్ధం చెప్పాను. పోతూ పోతూ కుక్క చెవులు మర్చిపోకన్నాడు. నా మాట ఒక్కటీ లేదు. సరే, ఆ ఒక్క పనైనా దక్కించుకుందామనుకున్నాను. దాన్ని కూడా చంపుకుంటున్నాను."

సెలైన్ సీసా మారుస్తున్న ఫోతిస్ చెయ్యి ఆగింది. సీసా తగిలించి, నేల మీద ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"బాబాయి చెప్పొద్దన్నాడు. అయినా చెప్తాను. గడ్డ సంగతి తెలిసిన వారంలో నా దగ్గరికొచ్చాడు, కుక్క లేకుండా ఒక్కడే. బీగిల్ ఎన్నేళ్ళు బతుకుతుందని అడిగాడు. బాగా చూసుకుంటే పద్నాలుగేళ్ళ దాకా బతుకుతుందన్నాను. ఇర్మాకి ఆరేళ్ళు. వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. 'అయితే ఎవాంథియాకి ఎనిమిదేళ్ళు తోడుంటుంది. ఏం చూసుకుంటే అన్నేళ్ళూ ఉంటుంది?' అన్నాడు. బరువు పెరక్కుండా చూడమన్నాను, చెవులు కడగమన్నాను. బరువు సంగతి వీధంతా చూసుకుంటుంది, చెవులు మాత్రం ఆవిడ చెయ్యాలన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే జాలిపడ్డానని కోపమొచ్చి కుక్కని ఎవరికైనా ఇచ్చేస్తుందన్నాడు."

ఇచ్చేసేదే. ఆమెకు ఆ సంగతి తెలుసు. ఆయనకూ తెలుసని మాత్రం ఇన్నేళ్ళూ అనుకోలేదు. ఎవాంథియా తలగుడ్డతో మొహం కప్పుకుని గట్టిగా ఏడ్చింది. అంత్యక్రియల్లో కూడా ఆమె అలా ఏడవలేదు. ఆయన ఆఖరి మాట తన గురించేనని, ఇన్నాళ్ళూ తను దాన్ని ముల్లులా మోసిందని తెలిసి ఏడ్చింది. ఏడుపు ఆగాక లేచి, బల్ల మీది సంచిలోంచి చిటికెడు గోధుమలు తీసి నోట్లో వేసుకుంది. అప్పుడు కూడా ఆ మాట అనలేకపోయింది. "ముందు నువ్వే నన్ను మన్నించు ఆర్గిరీ" అంది.

ఆ రోజు గడిచింది. ఇర్మా కళ్ళు తెరిచింది, మూసింది. మర్నాడు మధ్యాహ్నం తల ఎత్తింది. దాన్ని ఎత్తుకుని ఆవరణలోకి తెచ్చారు. ఫోతిస్ సెలైన్ సీసా పైకెత్తి పట్టుకున్నాడు, ఎవాంథియా దాని పొట్ట కింద తువ్వాలు వేసి నిలబెట్టింది. కాళ్ళు వణుకుతున్నాయి. ముక్కు మాత్రం నేలకు దిగింది. వాసన పట్టుకుంటూ నిమ్మచెట్టు దాటింది, గేటు దాటింది, పొలిక్సేనీ కారు దగ్గరికెళ్ళి చక్రం పక్కన వంగి కూర్చుంది.

"పొయ్యి తల్లీ" అంది ఎవాంథియా. "నా బంగారుతల్లివి, పొయ్యి."

పోసింది. కాసినే, కానీ పోసింది.

"ఇంత చోటుండగా నా కారే దొరికిందా దీనికి!" అని పొలిక్సేనీ అరిచి, ఆ నోటితోనే మరియ తల్లిని తల్చుకుని, శిలువ గుర్తు వేసుకుని కారుకు ఆనుకుని ఏడ్చింది. ఫోతిస్ సీసా దించకుండానే రెండో చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

ఇర్మా బతికింది. పూర్తిగా మునుపటిలా కాలేదు. మూత్రపిండాలు కొంత నష్టపోయాయని, ఇకనుంచి ఉప్పు, మాంసం తక్కువున్న తిండే పెట్టాలని, నీళ్ళ గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలని, అప్పుడప్పుడు రక్తం చూపించాలని ఫోతిస్ చెప్పాడు. "ఎనిమిదేళ్ళుంటుందా?" అని ఎవాంథియా అడిగింది. "ఎన్నేళ్ళుంటుందో చెప్పలేను పిన్నీ. కానీ చూసుకో" అన్నాడు. ఆ రోజే ఆమె మేకలవాడి గడపలోకి వెళ్ళి, ఎందుకో చెప్పకుండా ఒక కూజా తేనె ఇచ్చి వచ్చింది. అతను ఇప్పటికీ అయోమయంలోనే ఉన్నాడు.

ఏడాది తిరిగింది. సంవత్సరీకానికి ఎవాంథియా చేసిన కొలీవాలో ఒక్క ఎండుద్రాక్ష కూడా లేదు. చర్చిలో ఆడవాళ్ళు చెంచాలతో కెలికి చూశారు, గుసగుసలాడారు. "సొంత మొగుడి దగ్గరే చెయ్యి ముడుచుకుందమ్మా" అని ఒకావిడ వినపడేలా అంది. ఎండుద్రాక్ష దగ్గర ఎంతోమంది పరువు తీసిన ఎవాంథియా ఆ మాట వింది. చెంచా నోట్లో పెట్టుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినపడేలా "దేవుడు ఆయన్ని మన్నించుగాక" అంది.

ఇంటికెళ్ళాక చిన్న గిన్నె మూత తీసింది. చక్కెర కలపకముందే పక్కన పెట్టిన వట్టి గోధుమలు అందులో ఓ గుప్పెడు ఉన్నాయి. డాక్టర్ని అడిగి మరీ కొలిచి పెట్టినవి. ఇర్మా పరుగున వచ్చి ఒక్క ఊపులో తినేసి, మూడు రోజులుగా పస్తున్నట్టు మొహం పెట్టింది.

"అంతే. నీ వాటా అయిపోయింది" అంది ఎవాంథియా. "ఇలా రా. నిన్న గోధుమల హడావుడిలో శనివారం తప్పిపోయింది."

పెరటి మెట్ల మీద తువ్వాలు పరిచి కూర్చుంది. ఇర్మా తలను ఒళ్ళో పెట్టుకుని, చెవి ఎత్తి, వంగి వాసన చూసింది.

"బాగానే ఉన్నాయి ఆర్గిరీ" అంది.